దించింది బాషానే

కార్ల ట్రెయిలరు మీద పనికి కుదిరే ముందు మా వైపు కుర్రవాళ్లు కొందరు నన్ను అడగడానికి వస్తుంటారు. ఎమ్మిగనూరు నుంచి వస్తారు, కోసిగి నుంచి వస్తారు. ఇరవై రెండేళ్లు ఆ బండి తోలాను కాబట్టి నాకు అన్నీ తెలుసనుకుంటారు. వచ్చినవాళ్లలో సగంమంది ఒకే మాటతో మొదలుపెడతారు.

"ఈరన్నా, నీ పేరు మింద ఒక్క గీత గూడా ల్యాదంట గదా?"

గీత అంటే మా పనిలో కొత్త కారు రంగు మీద పడే గీత. ఫ్యాక్టరీలో ఎక్కించుకున్న కారును ఉన్నది ఉన్నట్టుగా షోరూంలో దించాలి. గీత పడినా, సొట్ట పడినా అది డ్రైవరు పేరు మీద రాస్తారు. నా పేరు మీద ఒక్కటీ రాయలేదన్నది నిజమే. అడిగినవాళ్లకు ఇన్నాళ్లూ నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వుకు నేను తగను. పని గురించి నాకు తెలిసింది కొంత చెబుతాను. ఆ తర్వాత నా పేరు ఎలా శుభ్రంగా మిగిలిందో చెబుతాను.

తోలడం తక్కువ, కాయడం ఎక్కువ

నేను మొదట ఆదోనిలో పత్తి లారీ తోలేవాణ్ని. మార్కెట్ యార్డు నుంచి జిన్నింగ్ మిల్లుకు, మిల్లు నుంచి బేళ్లతో తమిళనాడుకు. పత్తికి ఏమైనా తగిలితే ఎవరూ అడగరు. గోనె బోరెం చిరిగితే దబ్బనంతో కుట్టుకుంటాం. కార్ల బండి అలా కాదు. ఎనిమిది కార్లు, రెండు అంతస్తులు, ప్రతి కారూ అద్దంలా మెరుస్తుంటుంది. చెట్టు కొమ్మ ఆనితే గీత. పల్లెలో వేలాడే కరెంటు తీగ తగిలితే ప్రాణమే.

ఈ పని తోలడం అనుకుని రాకండి. ఫ్యాక్టరీ గేటు ముందు రెండు మూడు రోజులు వరుసలో ఉంటాం. స్నానం ఉండదు. షోరూం దగ్గర కార్లు చూసుకునే మనిషి భోజనం చేసి వచ్చేదాకా ఎండలో నిలబడతాం. వాడు వచ్చి మన వయసు చూడడు, "ఏయ్ డ్రైవర్" అంటాడు. వెనుక ఎనిమిది కార్లుంటాయి, ఒక్కదానిలో కూడా కాసేపు కూర్చోకూడదు. గుత్తి దాటాక మే నెల ఎండకు పై అంతస్తు ఇనుము పట్టుకుంటే చేతులు బొబ్బలెక్కుతాయి.

టీ కొట్టు దగ్గర ఆగితే ఎవడో ఒకడు అడుగుతాడు: "ఏమప్పా, ఆ ఎర్రది ఎంత పడుతుంది? పెట్రోలా, డీజిలా?" అన్నీ చెబుతాం. మనమే కొని తెచ్చుకుంటున్నట్టు చెబుతాం. అలా చెప్పీ చెప్పీ ఒక రోగం పట్టుకుంటుంది. మోసే సరుకు మనదే అనిపిస్తుంది. అది నాకు బాగా పట్టుకుంది.

నారాయణ మామ

నాకు పని నేర్పినవాడు కోడుమూరు నారాయణ మామ. చుట్టరికం లేదు, అందరూ అలాగే పిలిచేవాళ్లు. కారును సన్నటి పట్టాల మీదుగా పైకి ఎక్కించడం, ఎక్కించాక చక్రాలకు బెల్టులు బిగించడం, జానెడు మాత్రమే తెరుచుకునే తలుపులోంచి పక్కకు జారి దిగడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. లావుపాటివాళ్లు ఈ పనికి పనికిరారు. ఎక్కించేటప్పుడు నడుముకు బెల్టు, చేతికి వాచీ, వేలికి ఉంగరం ఉండకూడదు.

నా చేతికి మా అమ్మ వేసిన ఇనుప కడియం ఉండేది. తియ్యమంటే తియ్యలేదు. మొదటి నెలలోనే ఒక తలుపు మీద గీత గీసింది. గోరంత.

"మామా, గుడ్డతో తుడిస్తే కనపడదు," అన్నాను.

"నీకు కనపడిందా?"

"కనపడింది."

"ఇంగ వాళ్లకి కండ్లు ల్యావా? వాళ్లు సూసేలోపల నువ్వే పోయి సెప్పు. నువ్వు సెప్తే తప్పు. వాళ్లు సూస్తే దొంగతనం."

ఇంకా ఫ్యాక్టరీ ఆవరణ దాటలేదు కాబట్టి వెళ్లి చెప్పాను. బూతులు తిట్టారు. పాలిష్ పట్టి పోగొట్టారు. ఎక్కడా రాయలేదు. చెప్పడానికి అయిన ఖర్చు అంతే, నాలుగు తిట్లు. ఈ పాఠం నేను వినలేదని ఎవరూ అనలేరు. విన్నాను. అర్థమైంది. అవసరం వచ్చినరోజు పక్కన పెట్టాను.

బాషా

బాషా ఆదోనివాడు. పత్తి లారీల రోజుల నుంచి నా స్నేహితుడు, నాకంటే తొమ్మిదేళ్లు చిన్న. కార్ల బండికి దూరపు లోడుంటే ఇద్దరు డ్రైవర్లు కావాలి. నా పక్కన రెండో డ్రైవరుగా వాణ్ని నేనే పెట్టించాను. కార్లు ఎక్కించడం, దించడం రెండో డ్రైవరు పని. కాగితాలు, సంతకాలు పెద్ద డ్రైవరువి.

వాడంత మెత్తగా కారు దించినవాణ్ని నేను చూడలేదు. లోపలికి ఎక్కే ముందు చెప్పులు విడిచి కాళ్లు తుడుచుకునేవాడు. నేను ఎగతాళి చేసేవాణ్ని.

"ఏమి రా, మసీదులోకి పోతాండావా?"

"పెండ్లికూతురన్నా. ఒగరి ఇంటి పిల్ల. మెల్లగ దింపల్ల."

వాళ్ల నాయన, వాడి మాటలో అబ్బా, కూడా లారీ డ్రైవరే. వయసు మీదపడి, ఒక కన్ను పోయి ఇంట్లో కూర్చున్నాడు. పొద్దున్నే టీ హోటలుకు వచ్చి కనిపించిన ప్రతివాడికీ చెప్పేవాడు: "నేను జిందగీ అంతా పాత లారీలే తోలితి. మా వోడు కొత్త కార్లు తోల్తాండాడు." బాషాకు ఆ పని వల్ల వచ్చిన వాటిలో అన్నిటికన్నా విలువైనది ఆ మాట. అది నాకు తెలుసు. తెలిసే చేశాను.

కౌతాళం దారి

బెంగళూరు వైపు నుంచి రాయచూరు షోరూంకు లోడు వస్తే దారి ఆదోని మీదుగానే. ఇంటికి దగ్గరగా వచ్చినప్పుడు బండి ఒక పక్కన పెట్టి గంటసేపు ఇంటికి వెళ్లి రావడం మాలో అందరూ చేసేదే. నేను అంతకంటే ఎక్కువ చేశాను.

నా భార్య తమ్ముడికి పిల్లను చూశారు. పిల్ల తరఫువాళ్లది కౌతాళం మండలంలో కాలువ కింద ఊరు. రెండు పంటల వరి. మా మామగారిది కోసిగి దగ్గర వానకోసం ఎదురుచూసే నేల. పంట లేనప్పుడు ఇంటిల్లిపాదీ సుగ్గికి, అంటే గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి వలస పోతారు. సుగ్గికి పోయే ఇంటికి పిల్లనిస్తారా అని మా అత్త భయం. మాటలకు వెళ్లే రోజూ, నా బండి ఆదోని చేరిన రోజూ ఒకటే అయ్యాయి.

ఊరి బయట పెట్రోలు బంకు పక్కన ట్రెయిలరు నిలిపాను. కింది అంతస్తులో చివరి కారు తెల్లది. దాన్ని దించమన్నాను.

బాషా దిగి నిలబడ్డాడు. "యాల దించల్ల?"

"కౌతాళం పోయొస్తాం. రెండు గంటలు."

"వద్దన్నా. ఇది మనది గాదు."

"ఎవురు సూస్తారు రా?"

"ఎవురు సూడకుంటే? బస్సుకు పోండి. పిల్లోన్ని సూసి ఇస్తారా, బండిని సూసి ఇస్తారా?"

"నువ్వు దించుతావా, నన్ను దించమంటావా?"

"నేను దించను," అన్నాడు. నేనే దించాను. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

నేను తోలాను. పక్కన నా బావమరిది, వెనుక పొద్దున్నే ఆదోని వచ్చిన అత్తా మామా. సీట్ల మీద ప్లాస్టిక్ తొడుగులు అలాగే ఉన్నాయి, కదిలితే చప్పుడు. ఊళ్లో దిగగానే పిల్ల తండ్రి కారు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"చెన్నాగుందప్పా. ఎవురిది?"

"మనదే అనుకో పెద్దాయనా," అన్నాను. మా మామ తల దించుకున్నాడు. అప్పుడైనా నాకు సిగ్గేయలేదు.

తిరిగి వచ్చేటప్పుడు కాలువగట్టు దారి పట్టాను. దగ్గర దారి. ట్రాక్టర్లు తిరిగి మధ్యలో మట్టి లేచి ఉంది, అందులో రాయి. కింద టక్‌మంది. ఆదోని దగ్గరకు వచ్చి ఆపి చూస్తే ఇంజను అడుగున ఆయిల్ గిన్నె పగిలి చుక్కలు పడుతున్నాయి. తెలిసిన మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లాను. వాడు పగులుకు ముందు బట్టల సబ్బు అదిమి, తుడిచి, పైన అతుకుమందు పూశాడు. ఆయిల్ నింపాడు. "పది దినాలు నిలుస్తాదన్నా, అంతకు మించి నన్ను అడగొద్దు," అన్నాడు. పది రోజులు నాకు చాలనిపించింది.

ట్రెయిలరు దగ్గర బాషా కారు కింద పడుకుని చూశాడు. లేచి చొక్కా దులుపుకున్నాడు.

"సెప్పేద్దామన్నా. రాయచూరులో దించకముందే ఆఫీసుకు ఫోన్ జెయ్యి. తగిలిందని సెప్పు."

"యాడ తగిలిందని సెప్పల్ల? కాలువగట్టు మిందనా?"

"ఆ. అదే సెప్పు."

"నా ఉద్యోగం పోతాది రా."

"పోతే పత్తి లారీ ఉండాది గదా. ఇద్దరం తోల్తాం."

వాడి నోట "ఇద్దరం" అన్న మాట వచ్చింది. నేను కారు ఎక్కించి బెల్టులు బిగించాను.

రాయచూరు

షోరూంలో ఎనిమిది కార్లనూ బాషా దించాడు. తెల్లకారును కూడా. అక్కడ కార్లు చూసుకునే మనిషి ప్రతి కారు చుట్టూ తిరిగి, రంగు మీద చెయ్యి రాసి, తాళాలు, స్టెప్నీ చూసుకుని సంతకం పెట్టాడు. వంగి కింద ఎవరూ చూడరు. మీటరు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో అక్కడి కాగితంలో రాసే గడే లేదు. ఈ రెండూ నాకు ముందే తెలుసు.

వారం దాటాక ఆ కారు ఒక రిటైరైన హెడ్మాస్టరుకు అమ్మారు. కుటుంబమంతా వచ్చి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. కారు కదిలింది. అది నిలబడిన చోట తెల్లటి టైల్స్ మీద నల్లటి మరక. మాష్టారి భార్య అపశకునమని ఏడ్చిందట. కారు పైకి లేపి చూస్తే అతుకు బయటపడింది.

మా మేనేజరు బెంగళూరు నుంచి ఫోన్ చేశాడు. "ఈరన్నా, అతుకు వేసి దించారల్లా! పట్టాల మీద కొట్టుకుందని షోరూంవాళ్లు అంటున్నారు. ఆ తెల్ల బండి దించింది ఎవరు?"

నేను అప్పుడు ఇంటి గడపలో కూర్చుని ఉన్నాను. చుట్టూ ఎవరూ లేరు. బెదిరించినవాళ్లు లేరు. ఆలోచించుకోవడానికి కావలసినంత సమయం ఉంది.

"దించింది బాషానే సార్," అన్నాను.

చూడండి, ఒక్క అక్షరం అబద్ధం లేదు. రాయచూరులో దించింది వాడే. నా జీవితంలో నేనాడిన అన్నిటికంటే పెద్ద అబద్ధం, నిజమైన మాటలతో ఆడాను.

"అతుకు?"

"నాకు తెల్దు సార్. నేను కాగితాల పనికి లోపలికి పోయింటి."

ఇది మామూలు అబద్ధం.

ఆఫీసు గదిలో

బాషాను పిలిపించారు. నన్నూ రమ్మన్నారు. వాడు ఏమీ దాచలేదు. కౌతాళం, కాలువగట్టు, మెకానిక్, సబ్బు, అన్నీ చెప్పాడు. మెకానిక్ ఫోన్ నంబరు ఇస్తానన్నాడు. మేనేజరు నా వైపు తిరిగాడు.

"ఏనప్పా ఈరన్నా, ఇంత పెద్ద కథ చెప్తాడే? నిజమా?"

బాషా నన్ను చూశాడు. కోపంగా కాదు. మెత్తగా, కారు దించేటప్పుడు అద్దంలో చూసినట్టు.

"కొత్తోడు సార్," అన్నాను. "బయపడి ఏందో అంటాండాడు."

మెట్లు దిగేటప్పుడు వాడు నాతో అన్నది ఒక్కటే. "అన్నా, మా అబ్బాకు ఏం సెప్పల్ల?"

నేను బస్సు టైమైందన్నాను.

మా పనిలో ఆఫీసులు తక్కువ, వాటి మధ్య ఫోన్లు ఎక్కువ. దెబ్బ తగిలించి అతుకు వేసి దాచినవాడన్న పేరు వచ్చాక వాణ్ని ఇంకెక్కడా కార్ల బండి ఎక్కనివ్వలేదు. ఆదోని టీ హోటలులో ఆ మాట వాళ్ల నాయనకు చేరింది. చేరవేసింది నేను కాదు. కానీ అక్కడ నన్ను అడిగినవాళ్లతో "ఏం సెప్పల్ల లే" అని నిట్టూర్చాను. అది చాలింది. ఆ పెద్దాయన హోటలుకు రావడం మానేశాడు.

మేనేజరుకు తెలుసు

ఏడాది తర్వాత, నడుము నొప్పి వల్ల అస్సాం లోడుకు పోలేనన్నాను. మేనేజరు తలుపు మూయమన్నాడు.

"రాయచూరు తెల్ల బండి మీటరు నేను చూడలేదనుకున్నావా? పట్టాల మీద దిగిన బండి అన్ని కిలోమీటర్లు ఎట్లా తిరుగుతుంది? నీ ట్రెయిలరు ఆదోనిలో ఎంతసేపు నిలబడిందో నా దగ్గర ఉంది."

"మరి బాషాను..."

"ఎవడి పేరో ఒకటి రాయాలి కదా. నువ్వు పనికొచ్చే మనిషివి. వాడు కొత్తోడని నువ్వే చెప్పావు." అని అస్సాం కాగితాలు నా ముందుకు తోశాడు.

తీసుకున్నాను. ఆ తర్వాత ఆయన పొమ్మన్న చోటికల్లా పోయాను. మా అమ్మ పోయినరోజు నేను సిలిగురి దగ్గర ఉన్నాను. సెలవు అడిగే నోరు నాకు లేదు.

పైవాళ్ల గురించి నాకు తెలిసింది ఇది: వాళ్లకు నిజం అక్కర్లేదు, రాసుకోవడానికి ఒక పేరు కావాలి. మీరు మరొకడి పేరు ఇచ్చిననాడు మీ మెడ కూడా వాళ్ల చేతికి ఇచ్చినట్టే. కానీ మేనేజరును తిట్టి నేను తప్పించుకోను. ఆయన అడిగాడు. చెప్పింది నేను.

ఆ పెళ్లి మాట కూడా చెప్పాలి. అది జరిగింది, వాళ్లు బాగానే ఉన్నారు. తర్వాత ఒకసారి పిల్ల తండ్రి నాతో అన్నాడు: "ఆ దినం కారు సూసి బయపడితిమప్పా. అప్పులు జేసి డౌలు సూపిచ్చేటోళ్లేమో, వద్దనుకుంటిమి. పిల్లోడు పనోడని కోసిగిలో నలుగురు సెప్తే ఇచ్చినాం."

కారు లేకుండా వెళ్లి ఉంటే ఇంకా తొందరగా ఒప్పుకునేవాళ్లు.

దిగడం

పని మానేసిన రోజు ఆఫీసులో నాకు శాలువా కప్పారు. ఒక్క గీత కూడా లేని డ్రైవరని మైకులో చెప్పారు. కొత్త డ్రైవర్లు చప్పట్లు కొట్టారు. నోరు తెరవడానికి అది చోటు. ఫోటో కోసం నవ్వాను.

బాషా ఇప్పుడు ఆదోనిలో ఆటో తోలుతున్నాడు. ఊరు చిన్నది, కనబడకుండా తప్పుకోవడానికి నేను ఇన్నేళ్లూ చాలా సందులు తిరిగాను. పోయిన నెల ఒకరోజు పొద్దున్న మార్కెట్ యార్డు దగ్గర వాడి ఆటో ఖాళీగా ఉంటే వెళ్లి వెనుక సీట్లో కూర్చున్నాను. అద్దంలో చూశాడు.

"యాడికి పోవల్ల?"

"యాడికీ గాదు. మాట్లాడల్ల."

ఇంజను ఆపాడు. నేను జేబులోంచి కాగితం తీశాను. జరిగిందంతా ఆఫీసుకు రాశాను, సంతకం పెట్టాను, నువ్వు ఊ అంటే ఈరోజే పంపిస్తానన్నాను. తప్పు చేశాను రా అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. వాడు కాగితం తీసుకుని మొత్తం చదివాడు. చదివి మడతపెట్టి నాకే ఇచ్చాడు.

"ఆఫీసోళ్లు ఇప్పుడు నన్ను పిల్సి బండి ఇస్తారా?"

"ఇయ్యరు."

"మరి వాళ్లకు యానికి?"

"నీ పేరు..."

"నా పేరు యాడ పోయిందో అంతా తెలిసినోనివి నువ్వు. మా ఇంట్లో మా ఆమె నన్ను నమ్మింది. నా పిల్లోళ్లు నమ్మినారు. అబ్బా ఒగడే నమ్మల్యా. 'ఈరన్న అబద్దం సెప్పడు రా, నీకి పని సూపిచ్చినోడు' అన్నాడు. సచ్చేదాక అదే అన్నాడు. నిన్ను అంత నమ్మినాడన్నా ఆయన."

నేను ఏడ్చాననుకుంటాను. వాడు చూడలేదు, రోడ్డు వైపు చూస్తున్నాడు.

"అబ్బా ఉన్నెప్పుడు మా ఇంటి పక్క సందులోంచే పోతాంటివి గదా," అన్నాడు. "నువ్వు ఊరికొచ్చినప్పుడంతా సూస్తాంటి."

"బాషా, నేనేం జెయ్యల్ల ఇప్పుడు? సెప్పు. ఏం జెయ్యమంటే అది జేస్తా."

అంతలో పత్తి మూటల దగ్గర నుంచి ఇద్దరు ఆడవాళ్లు సంచులతో వచ్చి, బస్టాండుకు వస్తావా అని అడిగారు. వస్తానన్నాడు. ఒక సంచి అందుకుని ముందు సీటు పక్కన పెట్టుకున్నాడు. తాళం తిప్పాడు.

"దిగన్నా," అన్నాడు. "గిరాకి వచ్చింది."

దిగాను.